అబ్బులు పేరున తలనొప్పి

మేడిశెట్టి మంగాయమ్మ పోతూ పోతూ కూతురికి ఇచ్చింది ఒక్కటే, తలనొప్పి. విత్తన మండలి వాళ్లు దాన్ని కూడా ఆవిడకి ఉండనివ్వలేదు. మొగుడు అబ్బులు పేరున రాసేశారు.

ఇది జరిగింది. దీనిమీద వాదన లేదు. అబ్బులుకి అరవై నాలుగేళ్లు వచ్చాయి, ఒక్కనాడు తల నొచ్చి ఎరగడు. ఎండలో నాట్లు వేయించాడు, వానలో కుప్పలు వేయించాడు. కాలవగట్టు మీద సైకిలు జారి నెత్తి చిట్లితే పసుపు అద్దుకుని ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. అలాంటి మనిషి ఇవాళ రికార్డుల ప్రకారం జిల్లాలోకెల్లా శుద్ధమైన తలనొప్పి గల తండ్రి.

మంగాయమ్మది మామూలు నొప్పి కాదు. పల్లెల్లో పార్శ్వపు నొప్పి అంటారు, డాక్టర్లు మైగ్రేన్ అంటారు. తలలో సగాన్ని పట్టుకుంటుంది, రెండో సగం దిక్కులు చూస్తూ ఉంటుంది. ఆవిడ పోయింది దానివల్ల కాదు, కామెర్లవల్ల. పోయి నాలుగేళ్లయింది. అప్పటికే ఆ నొప్పి కూతురు ఇందుమతి తలలో కాపురం పెట్టి స్థిరపడింది.

ఇందుమతి పనిచేసేది ఆ మండలిలోనే. పూర్తి పేరు విత్తన శుద్ధి నిర్ధారణ మండలి. రైతు పండించిన విత్తనం అతను చెప్పిన రకమేనా, కలగాపులగమా అని చూసి బస్తాకి చీటీ కట్టడం వాళ్ల పని. ఇందుమతి మొలక పరీక్ష గదిలో కాంట్రాక్టు ఉద్యోగి. తడి కాగితంలో వంద గింజలు చుట్టిపెట్టి, గడువు తీరాక ఎన్ని మొలిచాయో చూడాలి. ఎనభై మొలిస్తే విత్తనం. డెబ్భై తొమ్మిది మొలిస్తే బియ్యం. ఆ గదిలో పదహారు ట్యూబులైట్లు. నెలకి రెండు మూడుసార్లు ఆ వెలుగు ఎడమకంట్లో సూదిలా దిగేది. ఆ పూట ఆ పిల్ల గింజల్ని కాదు, గుమ్మాన్ని కూడా చూడలేకపోయేది. ఇంటికొచ్చి పడుకునేది. చెప్పకుండా వెళ్లినందుకు మూడు మెమోలు వచ్చాయి. కాంట్రాక్టు వాళ్లకి నాలుగో మెమో ఉండదు. నాలుగోసారి గుమ్మమే.

అబ్బులుకి ఆ మండలి కొత్త కాదు. ఇరవై రెండేళ్లు వాళ్ల కింద విత్తనం వరి పండించాడు. ఇప్పుడు చేను కౌలుకిచ్చాడు. తండ్రీ కూతుళ్లు ఇద్దరే ఇంట్లో. ఇందుమతి పెళ్లి చేసుకోనంది. ఆయన రెండోసారి అడగలేదు.

ఇలా ఉండగా మండలికి డాక్టర్ కళానిధి సంయుక్త సంచాలకులుగా వచ్చాడు. డాక్టరంటే మందుల డాక్టరు కాదు, కందిపప్పు మీద పట్టా. వచ్చిన నెలకే ఏదో పెద్ద ఊళ్లో మూడు రోజుల శిక్షణకి వెళ్లొచ్చాడు. అక్కడ ఒక పెద్దాయన ఉపన్యాసం ఇచ్చాడు. మైగ్రేన్ కొన్ని ఇళ్లల్లో తరతరాలుగా వస్తుందనీ, మనిషికీ మనిషికీ జన్యువుల్లో ఉండే చిన్న చిన్న తేడాలే దానికి చాలావరకు మూలమనీ, ఉమ్మి పరీక్ష చేసి ఎవరికెంత మొగ్గు ఉందో మార్కులు వేయొచ్చనీ చెప్పాడు. అది ఉపన్యాసంలో మొదటి సగం. రెండో సగం టీ తర్వాత జరిగింది. ఒక్కో తేడా చేసే పని ఆవగింజంతేననీ, అలాంటివి వందలున్నాయనీ, అన్నీ కలిపినా అది మొగ్గు మాత్రమేననీ, మార్కులున్నవాడికి జన్మలో నొప్పి రాకపోవచ్చు, మార్కుల్లేనివాడు మంచం పట్టొచ్చు అనీ ఆ పెద్దాయన చెప్పాడు. ఆ సమయంలో కళానిధికి ఉల్లిపాయ పకోడీ వేడివేడిగా దొరికింది.

ఇదంతా ఇందుమతికి తెలుసు. ఆ ఉపన్యాసం అచ్చు కాగితాలు ఆఫీసులో పంచారు. ఆ పిల్ల రెండు వైపులా చదివింది. మిగతా వాళ్లు వాటిలో పకోడీలు తిన్నారు.

కళానిధి శిక్షణ నుంచి తిరిగొచ్చిన మర్నాడే ఉత్తర్వు బోర్డుకెక్కింది.

"విషయం: సిబ్బంది తలనొప్పులు – జన్యుస్వచ్ఛత – మూలాధార నిర్ధారణ – గురించి. మండలి సిబ్బందిలో కొందరు తలనొప్పి అను కారణమున విధులకు గైర్హాజరగుచున్నట్లు గమనించబడినది. సదరు తలనొప్పుల రకము గాని, వంశము గాని, మూలము గాని ఇంతవరకు నిర్ధారితము కాలేదు. విత్తనమును నిర్ధారించు సంస్థయందు నిర్ధారించని తలనొప్పి సంచరించుట శోచనీయము. కావున ఇకమీదట ధ్రువీకరణ లేని తలనొప్పి మండలి ఆవరణలోనికి అనుమతించబడదు."

ధ్రువీకరణ ఉన్నవాళ్లకి మాత్రం రాజభోగమే. నెలకి మూడు రోజులు జీతంతో సెలవు. మెమోలు రద్దు. ఆఫీసులోనే ఒక చీకటి గది, అందులో నవారు మంచం.

సిబ్బంది ముప్పై ఒక్క మంది చేతా ఉమ్మి తీయించారు. ధాన్యం నమూనాలు పంపే కవర్లలోనే సీలు వేసి, లాటు నెంబర్లు రాసి పంపారు. మూడు వారాలకి మార్కులొచ్చాయి. ఇందుమతికి అరవై ఒకటి.

"ఎంత రావాలి?" అడిగాడు అబ్బులు.

"ఎనభై."

"ఎవరు పెట్టారు ఎనభై?"

"మొలక శాతం ఎనభై కదా నాన్నా. ఆ అంకె అయితే అందరికీ అలవాటని పెట్టారు."

తొంభై ఆరు మార్కులు వచ్చినవాడు ఒక్కడే. గోదాము కాపలాదారు నూకరాజు. నలభై ఏళ్లవాడు, మెడ కనపడనంత బలిష్ఠుడు. అతన్ని పిలిపించి కళానిధి లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

"నూకరాజూ, మూల విత్తనం లాగా నీది మూల తలనొప్పి. జిల్లాలో ఇంకోటి లేదు."

"నాకు తలనొప్పి రాదండి."

"వస్తుంది. నీకు తెలియడం లేదు."

"నెప్పంటే తెలవకుండా ఎలా ఉంటదండి?"

"అది నీ చదువు లోపం. రిపోర్టు నీకంటే ఎక్కువ చదువుకుంది."

అది మొదలు నూకరాజు బతుకు కుక్కలు చింపిన విస్తరి అయింది. నెలకి మూడు రోజులు చీకటి గదిలో పడుకోబెట్టేవారు. బలమైన మనిషి, పగలు నిద్ర పట్టదు. లోపల కూర్చుని తాడు పేనేవాడు. రెండు నెలలైనా ఒక్క నొప్పి రాకపోయేసరికి అతనికి మెమో ఇచ్చారు. "తమకు మంజూరు కాబడిన తలనొప్పిని తాము వినియోగించుకొనక నిరుపయోగముగా ఉంచియున్నారు. ఇది ప్రభుత్వ ఆస్తి దుర్వినియోగము క్రిందకు ఏల రాదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

నూకరాజు ఆ కాగితం పట్టుకుని అబ్బులు అరుగు మీద కూలబడ్డాడు. "బాబాయ్, ఏం రాయమంటావ్? మా ఆవిడ గోడకేసి కొట్టుకోమంటంది. కొట్టుకున్నాను కూడా. గోడ పెచ్చు ఊడింది."

అబ్బులు చుట్ట పక్కన పెట్టాడు. వాళ్ల భాష ఆయనకి వచ్చు. "పైరు ఇంకా పూతకి రాలేదు, గడువు పొడిగించవలెను అని రాయి."

రాశాడు. గడువు రెండు నెలలు పొడిగించారు. పైగా, పై ఆఫీసు వాళ్లు జిల్లాకి పది శుద్ధ తలనొప్పులు చూపించమని లక్ష్యం పెట్టారు. పక్క జిల్లాలో ఒక్కటీ దొరకలేదు. నూకరాజుని ఆరు వారాలు అరువివ్వమని ఉత్తరం రాశారు. మంచి విత్తనం కదా, అందరూ అడుగుతారు.

ఇక మిగిలింది బెరుకులు. విత్తనం చేలో వేరే రకం మొక్క పొరపాటున మొలిస్తే దాన్ని బెరుకు అంటారు. పూతకి రాకముందే పీకి గట్టున పారేయాలి. మార్కులు చాలని తలనొప్పులన్నీ బెరుకులని కళానిధి మీటింగులో తేల్చాడు. శుద్ధ తలనొప్పికీ బెరుకు తలనొప్పికీ మధ్య మూడు మీటర్ల వేర్పాటు దూరం ఉండాలన్నాడు. ఒకేచోట ఉంటే కలిసిపోతాయట. టేపు పెట్టి కొలిచి ఇందుమతి బల్ల వరండాలోకి లాగేశారు. జనరేటరు పక్కన. అంతకుముందు వెలుగొక్కటే. ఇప్పుడు వెలుగుకి చప్పుడూ డీజిలు వాసనా తోడయ్యాయి. నెలకి మూడుసార్లు వచ్చే నొప్పి వారానికి రెండుసార్లు రావడం మొదలెట్టింది. ఆ పిల్ల పళ్లు బిగించి అక్కడే కూర్చునేది. నాలుగోసారి లేవకూడదు కదా.

ఉత్తర్వు అడుగున చిన్న అక్షరాల్లో ఒక దారి ఉంది. మార్కులు చాలనివాళ్లు మూలాధారం చూపించుకోవచ్చు. అంటే తలనొప్పి ఏ తల్లిదండ్రుల నుంచి వచ్చిందో ఆ మనిషిని క్షేత్ర తనిఖీ అధికారి స్వయంగా చూసి శుద్ధమని రాస్తే, సంతానానికి కూడా చీటీ ఇస్తారు. పదిహేను రోజుల గడువు.

అబ్బులు ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్లాడు. తనిఖీ అధికారి పాపారాయుడు పాత మనిషే. అబ్బులు చేలో ఎన్నోసార్లు తిరిగాడు, ఎన్నో కొబ్బరిబొండాలు తాగాడు.

"మూలం ఎవరండీ?" అన్నాడు పాపారాయుడు కలం తీసి.

"వాళ్లమ్మ. మంగాయమ్మ."

"ఎప్పుడు చూపిస్తారు?"

అబ్బులు అతని మొహంలోకి చూశాడు. "చావుభోజనానికి వచ్చావు కదయ్యా. రెండు గారెలు ఎక్కువ వేయించుకున్నావు."

"అయ్యయ్యో, మనిషిగా నాకు తెలీదా అండి. ఆఫీసుగా అడుగుతున్నాను. కోత అయిపోయిన చేను తనిఖీకి పనికిరాదు, మీకు చెప్పాలా? నిలిచి ఉన్న పైరే చూడాలి. ఒకసారి తొందరపడి ముందే కోసేశారు చూడండి, ఆ ఏడు మీ పంటంతా మిల్లుకి పోలేదూ?"

"పోయింది."

"ఇదీ అంతేనండి."

"పక్కింటి వాళ్లని అడుగు. ముప్పై ఏళ్లు చూశారు."

"పక్కింటికీ మీకూ దూరం ఎంత?"

"గోడ ఒకటే."

పాపారాయుడు పెదవి విరిచాడు. "వేర్పాటు దూరం లేదన్నమాట. పక్క చేను సాక్ష్యం తీసుకోకూడదండి. పుప్పొడి కలిసే అవకాశం…"

"పాపారాయుడూ," అన్నాడు అబ్బులు. ఈసారి అయ్యా లేదు. "ఆ మాట ఇంకోసారి అను."

పాపారాయుడు అనలేదు. కాగితాలు సర్దుకుని, ఎటో చూస్తూ, "దరఖాస్తులో తల్లి అని ఉంది, తండ్రి అని కూడా ఉందండి. పక్కన సజీవము అని ఉంది. మీరు నిలిచే ఉన్నారు కదా," అన్నాడు.

"నాకు తలనొప్పి లేదు."

"అమ్మాయికి ఉద్యోగం కూడా లేకుండా పోతుందండి."

అబ్బులు లేచి కళానిధి గదిలోకి వెళ్లాడు. కళానిధి కూర్చోమన్నాడు. ఓపిగ్గా విన్నాడు. అలాంటి వాళ్లు ఓపిగ్గానే వింటారు.

"చూడండి అబ్బులుగారూ. జన్యువు అనేది వ్యక్తిగత ఆస్తి కాదు. అది ఒక ప్రవాహం. మీ దివంగత శ్రీమతి గారి సేవల్ని మండలి గౌరవిస్తోంది. కానీ ప్రవాహం ఎక్కడి నుంచి వచ్చిందన్నది భావోద్వేగాల మీద కాకుండా లభ్యత మీద ఆధారపడి నిర్ణయించాలి."

"అంటే?"

"మీరు లభ్యంగా ఉన్నారు."

"ఎవరికొచ్చిన నొప్పి వాళ్లదే కదండి."

"అది పాత సిద్ధాంతం," అన్నాడు కళానిధి జాలిగా.

అబ్బులు దరఖాస్తు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. ఆయన అబద్ధం ఆడని మనిషని కాదు. ధాన్యంలో తేమ గురించి ఆడాడు, కాలవ వంతుల గురించి ఆడాడు. ఇది ఆడబుద్ధి కాలేదు. ఎందుకో ఆయన్ని అడిగితే చెప్పేవాడు కాదు.

ఇందుమతి పెరటివైపు గదిలో గోడకి తిరిగి పడుకుని ఉంది. భోజనాల విరామంలో వచ్చేసింది. అరగంటలో తిరిగి వెళ్లాలి.

"సంతకం పెట్టావా?" అంది, కళ్లు తెరవకుండా.

"లేదు."

"ఏం?"

"అది మీ అమ్మది."

ఇందుమతి నవ్వింది. నవ్వితే నొప్పి ఎక్కువైంది, అయినా నవ్వింది. "బతికున్నప్పుడు ఒప్పుకున్నావా నాన్నా, అమ్మదని? వేషాలన్నావు. కోతలప్పుడే వస్తుందేం అన్నావు. అత్తయ్యొచ్చిందంటే చాలు వస్తుందన్నావు. సగం తలే నొప్పేం, రెండో సగం ఏం పాపం చేసింది అన్నావు. ఊరంతా నవ్వింది. ఇప్పుడు అమ్మ సొత్తని కాపలా కాస్తున్నావా?"

అబ్బులు గుమ్మంలో నిలబడ్డాడు. నిలబడి, నిలబడి, వెళ్లి సైకిలు తీశాడు. సాయంత్రం ఆఫీసు మూసేలోగా సంతకం పెట్టాడు. మూలము: తండ్రి. సజీవము.

పాపారాయుడు కాగితం మడుస్తూ గొంతు తగ్గించాడు. "మంగళవారం పదిన్నరకి వస్తాం. కళానిధిగారు కూడా వస్తారు. తనిఖీ పూత దశలోనే చేయాలి. అంటే… వచ్చే సమయానికి తమకి నొప్పి రావాలండి. మంచి నొప్పి. మామూలుగా తల పట్టుకుంటే కుదరదు. ఇరవై ఏడు కాలాలు ఉన్నాయి ఫారంలో. అవన్నీ చదువుకొస్తారా? ఒక కాపీ ఇస్తాను."

"అక్కర్లేదు," అన్నాడు అబ్బులు.

"చూసుకోండి. ఆయన ఊరికే వదలడు."

"అక్కర్లేదన్నాను."

మంగళవారం పొద్దున్న అబ్బులు ఇందుమతిని ఆఫీసుకి పంపలేదు. తనిఖీలో సంతానం కూడా హాజరుగా ఉండాలని రూలు. పది గంటలకి వెనక గదిలో రెండు కిటికీలూ వేశాడు. రెక్కల మధ్య సందులో పాత దుప్పటి కుక్కాడు. గడియారం మేకు మీంచి తీసి, బియ్యం డబ్బాలో పెట్టి, మూత పెట్టాడు. ఇత్తడి బిందెలో నీళ్లు నింపి మూలకి జరిపాడు. పంచె చింపి తలకి కట్టాడు, ముడి కుడివైపు కణత మీద పడేలా. మంచం మీద పడుకోలేదు. నేలమీద కూర్చుని ఎడమ చెంప బిందెకి ఆనించాడు.

ఇందుమతి గుమ్మంలో నిలబడి చూసింది.

పదిన్నరకి వచ్చారు. కళానిధి, పాపారాయుడు, వెనకాల ఫైళ్ల సంచీ మోస్తూ నూకరాజు. పక్క జిల్లాకి వెళ్లే ముందు శుద్ధ తలనొప్పి ఎలా ఉంటుందో చూసి నేర్చుకోమని అతన్ని తెచ్చారు.

"నమస్కారం అబ్బులుగారూ!" అన్నాడు కళానిధి, సభలో అన్నట్టు.

అబ్బులు ఒళ్లంతా ముడుచుకుంది. చెయ్యి కొద్దిగా ఎత్తాడు.

"కాస్త మెల్లిగా," అన్నాడు. "మీకు పుణ్యముంటుంది."

అని ఆగిపోయాడు. ఆ మాట ఆయనది కాదు. మంగాయమ్మ సరిగ్గా అలాగే అనేది, అదే వరసలో. అలా అన్నప్పుడల్లా ఆయన రేడియో ఇంకాస్త పెంచేవాడు.

కళానిధి ఫారం తీశాడు. ఇప్పుడు గుసగుసగా, గుళ్లో ఉన్నట్టు. "ఒకటో కాలం. ముందస్తు సూచనలు?"

"నిన్న మధ్యాహ్నం నుంచి ఆవలింతలు. నిద్ర రాదు, ఆవలింతలే. మెడ బిగుస్తుంది. బెల్లం తినాలనిపిస్తుంది."

పాపారాయుడు టిక్కు పెట్టాడు.

"దృష్టి దోషం?"

"కంటి ముందు రంపంపళ్లలాంటి వెలుగు. చుక్కంత మొదలై విచ్చుకుంటూ పోతుంది. కళ్లు మూసినా ఉంటుంది. బియ్యంలో రాయి ఏరబోతే రాయి ఉన్నచోట ఏమీ కనపడదు. పావుగంటో, ఇంకాస్తో. అది పోయాక మొదలవుతుంది."

"అద్భుతం," అన్నాడు కళానిధి. "పూత సమంగా ఉంది. రాసుకోండి. నొప్పి?"

"ఎడమవైపు. గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది. మెట్టు ఎక్కితే ఒక దెబ్బ, వంగి ముగ్గు చుక్క పెడితే ఒక దెబ్బ."

ముగ్గు దగ్గర పాపారాయుడి కలం ఆగింది. కళానిధి ఆగలేదు. "వాసనలు?"

"పక్కింట్లో ఇంగువ పోపు వేస్తే వాంతి. నూనె కాగుతున్నా వాంతి. అయినా వండాలి. ముక్కుకి కొంగు కట్టుకుని వండొచ్చు."

నూకరాజు సంచీ కింద పెట్టాడు.

"తగ్గాక?" అన్నాడు కళానిధి.

"తగ్గాక ఒంట్లో ఏమీ మిగలదు. ఉతికి పిండేసినట్టు. అప్పుడు లేచి, పొద్దుటి గిన్నెలు తోముకుని, ఎవరూ అడక్కముందే తగ్గిపోయింది అని చెప్పాలి."

అని, అబ్బులు బొటనవేలితో ఎడమ కనుబొమ కింద ఎముకని నొక్కిపట్టుకుని, గోడవైపు తిరిగాడు. ఊపిరి చిన్నగా, తెంపి తెంపి తీస్తున్నాడు. బిందె మీద ఆ ఊపిరి ఆవిరిలా పట్టింది.

ఇరవై ఏడు కాలాలూ నిండాయి. పాపారాయుడు కూడి చూశాడు. తొంభై తొమ్మిది శాతం. బెరుకులు లేవు.

"నా సర్వీసులో ఇంత శుద్ధమైనది చూడలేదు," అన్నాడు కళానిధి. "మార్కులు ఎందుకు, మనిషిని చూస్తే చాలు. ఈయన్ని రాష్ట్రస్థాయికి పంపుదాం."

నూకరాజు హఠాత్తుగా చేతులు జోడించాడు. "అయ్యా, తలనెప్పంటే ఇదాండి? నాకొద్దండి. మీ కాళ్లు మొక్కుతాను. నా తొంభై ఆరూ ఈ పాపకి రాసేయండి. నేను గోదాము చూసుకుంటాను."

"మార్కులు బదిలీ కావు, నూకరాజూ. నువ్వు ఇంకా శ్రద్ధ పెట్టాలి."

పాపారాయుడు నీలం చీటీ తీసి, అబ్బులు చొక్కా పైగుండీకి దారంతో కట్టి, ముడి మీద సీసపు బిళ్ల పెట్టి పటకారుతో నొక్కాడు. బస్తాకి కట్టినట్టే కట్టాడు. చెయ్యి అలవాటు. "తొమ్మిది నెలలు చెల్లుతుందండి," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అబ్బులు మొహం చూడలేదు.

అబ్బులు తలగుడ్డ విప్పాడు. మామూలు గొంతుతో, "మూలం దగ్గర పేరు మార్చండి," అన్నాడు.

"ఏమని?"

"మంగాయమ్మ అని. ఇప్పుడు చూశారుగా ఆవిడ ఎలా ఉండేదో. ఇరవై ఏడు కాలాలూ ఆవిడవే."

కళానిధి కలం మూత పెట్టాడు. ప్రేమగా అబ్బులు భుజం తట్టాడు. "మేం చూసింది మిమ్మల్ని, అబ్బులుగారూ. చూసిందే రాస్తాం. అదే శాస్త్రం."

వెళ్లిపోయారు. మర్నాటి నుంచి ఇందుమతి బల్ల లోపలికి వచ్చింది. మెమోలు రద్దయ్యాయి. చీకటి గది తాళం చెవి ఆ పిల్ల చేతికి వచ్చింది. ఉద్యోగం నిలబడింది. నూకరాజుని పక్క జిల్లాకి పంపించారు. అక్కడ కూడా అతనికి ఇంతవరకు పూత రాలేదు.

కానీ ఆ మంగళవారం, వాళ్లు వీధి మలుపు తిరిగాక, గదిలో ఇద్దరే ఉన్నప్పుడు, ఇందుమతి దుప్పటి లాగి కిటికీ తెరిచింది. వెలుతురు పడి అబ్బులు కళ్లు చిట్లించాడు. ఆ పిల్ల ఆయన ఎదుట నేలమీద కూర్చుంది.

"ఆ బెల్లం సంగతి నాకు కూడా తెలీదు," అంది. "గిన్నెలు తోమి తగ్గిపోయిందని చెప్పడం కూడా."

అబ్బులు గుండీకి కట్టిన చీటీ తెంపబోయాడు. సీసం బిళ్ల రాలేదు.

"అన్నీ చూశావన్నమాట."

ఆయన గోరుతో బిళ్ల కింద దారం గీకాడు.

"చూస్తూనే వేషాలన్నావన్నమాట."

అబ్బులు గుండీతో సహా చీటీని లాగేశాడు. లేచి, బిందె ఎత్తి, నీళ్లు పెరట్లో అరటిచెట్టుకి పోశాడు. ఖాళీ బిందె బోర్లించాడు. తిరిగొచ్చి గుమ్మంలో, కూతురికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఉద్యోగం ఉంది కదా నీకు," అన్నాడు. "వెళ్లి చేసుకో. ఈ మాట నా దగ్గర మళ్లీ ఎత్తకు. నేనూ ఎత్తను. నేను పోయేదాకా ఎత్తను."

ఎత్తలేదు. తొమ్మిది నెలలకోసారి పాపారాయుడు గడువు పొడిగించే కాగితం తెస్తాడు. అబ్బులు సంతకం పెట్టి ఇచ్చేస్తాడు. ఎలా ఉందండీ తలనొప్పి అని అతను అడుగుతాడు. ఆయన తలుపు వేసుకుంటాడు.